రసీదు లేని తాకట్టు

ముప్పై రెండేండ్లు
సుబ్బరత్నం శెట్టి తాకట్టుకొట్లో
చిట్టా రాసిన చెయ్యి ఇది.
ఒక గుడ్డమూట, ఒక దారం, ఒక నంబరు చీటీ.
చుట్టు పదూర్ల కష్టమంతా
నా ఇనుప బీరువాలో
అరచేతి మందాన నిద్రపోయేది.

ఆ రాత్రి ఎడమ భుజంలోంచి
ఎవరో దారం లాగినట్టయింది.
తర్వాత ఏమీ లేదు.
చీకటి కూడా లేదు.

కండ్లు తెరిస్తే ప్రొద్దుటూరు పెద్దాసుపత్రి.
పైన పెచ్చులూడిన సున్నం,
బయట టీ గ్లాసులు కడిగే చప్పుడు.
నైట్ డ్యూటీ నర్సు కెజియా
కుర్చీలో కునుకులోంచి ఉలిక్కిపడి లేచి
పెదాలు కదిలించింది.

"ఏం చదివితివి పాపా?"
"మా ఇంటి మాట పెద్దాయనా.
గుంటూరు అవతల మాది. మేం యూదులం."

యూదులంటే
పటంలో ఎక్కడో ఇసుక మధ్య ఉంటారనుకున్నా,
గుంటూరు యాసతో
నా సెలైన్ సీసా మారుస్తారనుకోలేదు.

"మొగమైనా కడక్కుండా ప్రార్థనా?" అంటి.
"ఈ ఒక్క మాటకి పాచినోరు అడ్డం కాదండీ,
ఇందులో దేవుడి పేరు ఉండదు.
రాత్రి నీ దగ్గర పెట్టిన ప్రాణాన్ని
దయతో తిరిగిచ్చావు. అంతే."

పెట్టిన. తిరిగిచ్చిన.
ముసలి చెవులు నిక్కబొడుచుకున్నాయి,
ఇవి నా బతుకు మాటలు గదా!
"వడ్డీ ఎంత?" అంటి.

నవ్వి, బీపీ పట్టీ చుడుతూ చెప్పింది:
"అప్పు మనదే, రోజూ పెరిగేదే.
అయినా సొత్తు ఆపుకోడు.
అలిసిపోయింది పెడతాం,
తెల్లారి కొత్తది చేసి ఇస్తాడు అనేవాడు మా తాత.
చివర్న ఇంకో ముక్కుంది,
నీ నమ్మకం గొప్పది అని."

"మనకు ఆయన మీద నమ్మకమా?"
"కాదు. ఆయనకి మన మీద."

నేను మాట్లాడలేదు.
నమ్మకం లేకనే గదా
తాకట్టు అనేది పుట్టింది.

వాళ్ళ భాషలో కృతజ్ఞత ముందొస్తుందంట,
'నేను' దాని వెనక నడుస్తుందంట.
మా పక్క థాంక్స్ అనే మాటే లేదు.
నీ కడుపు సల్లగుండ అంటాం.
వెతికి చూస్తే అందులో
నేను ఎక్కడా లేను.

రెండు నెలలకు మళ్ళీ కొట్టుకెక్కినా.
రాజుపాళెం ఓబుళమ్మ వచ్చింది
మూడేండ్ల నాటి కమ్మలు విడిపించను.
ఈసారి శనగ పండిందంట.
అసలు, వడ్డీ, వడ్డీ మీద వడ్డీ
కొంగుముడి విప్పి, తడి నోట్లు
నాలిక తడుపుకుంటా లెక్కబెట్టింది.

కమ్మలు చేతికిచ్చినా.
బీరువా చీకటి తాగి మసకబారినాయి.
ఒక రాయి లేదు.
చిట్టా తీసినా. నా చేతిరాతే,
ఎర్రరాళ్ళు ఏడు.
చేతిలో ఆరు.

ఆమె ఆ గుంతను వేలితో తడిమి
"పోనీలే సామీ, ఇస్తివి గదా,
నీ కడుపు సల్లగుండ" అన్నది.

ఆమె సొత్తు ఆమెకు
తరుగుతో ఇచ్చినందుకు
ఆ మాట నాకు.

కెజియా చుట్టిన పట్టీ
భుజానికి మళ్ళా బిగుసుకున్నట్టయింది.

రాయి ఖరీదు నా పేరున రాసినా.
శెట్టి అద్దాల పైనుంచి చూసినాడు,
జబ్బు గుండెకా తలకా అన్నట్టు.

ఇప్పుడు మిద్దె మీద పడుకునేటప్పుడు
చీటీ లేదు, దారం లేదు,
తూకమేసి చూపమని అడగను.
ఏడు రాళ్ళుండెనో ఆరుండెనో
నా లెక్కలో నాకే తెలీదు.

పాలాయన సైకిల్ గంట.
కాలివేళ్ళు కదిలిస్తా. కదుల్తాయి.
ఆ పరాయి అక్షరాలకు నా నాలిక తిరగదు.
అందుకే పాచినోటితోనే
నీ కడుపు సల్లగుండ అంటా,
పైకి చూసి.

ఆయనకు కడుపుంటుందో లేదో
కెజియాను అడగాల.